ఆ గదిలో ఏం చేస్తారు?



మా థెరపీ సెంటర్ ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. పిల్లల వెంట వచ్చే చుట్టాలు, కరెంటు రీడింగు తీసే అబ్బాయి, కింద షాపువాళ్లు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: "ఆ గదుల్లో ఏం చేస్తారండీ?" తలుపుకున్న అద్దంలోంచి తొంగి చూస్తే ఒక టీచరూ ఒక పిల్లవాడూ చాప మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదుకుంటూ కనిపిస్తారు. పక్క గదిలో ఒక పాప ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. "ఆడించడానికి ఇంత ఫీజా!" అని కొందరు పైకే అనేస్తారు. వాళ్లని తప్పు పట్టను. అద్దం ఇవతల నుంచి చూస్తే అది ఆటే. ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుని నేను. ఆ ఆట లోపల నడిచే పని గురించి ఇవాళ మీతో మాట్లాడతాను.

బుడగల సీసాతోనే మొదలుపెడతాను. మూడున్నరేళ్ల బాబు. ఇంకా మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద ఆమె చెయ్యి వేస్తాడు. ఆమె మొహం కేసి మాత్రం చూడడు. వాడికి బుడగలంటే ప్రాణం. నేను రెండుసార్లు ఊదుతాను. మూడోసారి ఊదకుండా మూత గట్టిగా బిగించి, సీసాని మా ఇద్దరి మధ్యా పెట్టి ఊరుకుంటాను. ఇక ఎదురుచూడటమే. వాడు మూత తిప్పుతాడు, రాదు. సీసాని నేలకేసి కొడతాడు. లేచి గది చుట్టూ ఓ తిరుగుడు తిరిగి మళ్లీ వస్తాడు. వాడి కన్ను సీసా మీద నుంచి పోవడం లేదు, అంటే కావాలనే ఉంది. ఎవరిని అడగాలో, ఎలా అడగాలో తెలియడం లేదు. వాడి వెనక మా సెంటర్‌లో పనిచేసే ఒకమ్మాయి మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. వాడు సీసా కోసం చెయ్యి చాచగానే, ఆ చేతిని బుడగల బొమ్మ ఉన్న కార్డు మీదికి మళ్లించి, కార్డు పట్టించి, నా అరచేతిలో పెట్టిస్తుంది. కార్డు నా చేతిలో పడీ పడగానే "బుడగలు!" అంటూ ఊదాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా కార్డుకీ బుడగలకీ ఉన్న ముడి వాడికి అందదు. ఇదే పని 45 నిమిషాల సెషన్‌లో ఎన్నోసార్లు, వారాల తరబడి. వెనకున్న అమ్మాయి సాయం రోజురోజుకీ తగ్గిస్తూ పోతుంది. మొదట చెయ్యి పట్టుకునేది, తర్వాత మోచేతిని తాకేది, ఆ తర్వాత ఊరికే కూర్చునేది. ఒక రోజు నేను గదికి అవతలి మూల నిలబడి ఉంటే, వాడే కార్డు తీసుకుని నడిచి వచ్చి నా చేతిలో పెడతాడు.

అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు 1985లో తయారుచేసిన పద్ధతి ఇది. మేం పెక్స్ అంటాం. ఆ పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నది బుడగల సంగతి కాదు. తన మనసులో ఉన్నది ఇంకో మనిషికి చేరవేస్తే పని జరుగుతుందని వాడికి మొదటిసారి తెలిసింది. మాట అనేది దాని మీద కట్టవలసిన ఇల్లు.

"కార్డులు అలవాటు చేస్తే ఇక నోరు తెరవడేమోనండీ" అని తల్లిదండ్రులు భయపడతారు. బొమ్మల వల్ల మాట ఆగిపోతుందని ఇన్నేళ్ల పరిశోధనలో ఎక్కడా తేలలేదు. కొందరు పిల్లలు కార్డు ఇస్తూ ఇస్తూ మాట కూడా కలుపుతారు. కొందరికి మాట ఎప్పటికీ రాదు. వాళ్లకి ఆ కార్డులే, తర్వాత ట్యాబ్‌లో బొమ్మలే నోరు.

మాటలు వచ్చిన పిల్లల సంగతి వేరు. దాహం వేసినప్పుడు ఒక పాప "నీళ్లు కావాలా?" అంటుంది. ఇంట్లోవాళ్లు "నన్నెందుకు అడుగుతోంది?" అని తెల్లబోతారు. నీళ్లు చేతికొచ్చే ముందు ఆ పిల్ల రోజూ వినేది ఆ మాటే. గ్లాసుతో పాటు దాన్ని అలాగే మొత్తంగా దాచిపెట్టుకుంది. అందుకే మేం తల్లులకి చెబుతాం, ప్రశ్న వేయకండి, పాప అనవలసిన మాట మీరే పాప తరఫున అనండి, "నీళ్లు కావాలి" అని. ఇంత చిన్న మార్పుతో ఇంట్లో ఎంత గొడవ తగ్గుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. "పిల్లవాడు తికమక పడతాడు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి" అని హైదరాబాద్‌లోనూ, అమెరికాలోని మనవాళ్ల ఇళ్లలోనూ సలహాలు ఇస్తుంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి మాట ఇంకా వెనకబడుతుందని రుజువేమీ లేదు. తల్లికి లాలించడం, కోప్పడటం, కథ చెప్పడం ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే పిల్లవాడితో మాట్లాడాలి. నాయనమ్మతో ఒక్క ముక్క మాట్లాడలేక, ఇంగ్లీషు రైములు మాత్రం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద కోపం వస్తుంది.

ఈ పనిలో సగం కనిపెట్టి చూడటమే. ఒక బాబు కొన్ని రోజులు చక్కగా నడిచి లోపలికి వచ్చేవాడు, కొన్ని రోజులు గుమ్మం దగ్గరే నేల మీద పడి చెవులు పగిలేలా ఏడ్చేవాడు. ఏ టీచరు ఉందో రాసుకున్నాం, ఏం తిని వచ్చాడో రాసుకున్నాం, నిద్ర ఎంతో రాసుకున్నాం. ఏదీ కుదరలేదు. చివరికి కనిపెట్టింది మా ఆయా. "వాడు ఏడ్చేది నేను ఫినాయిల్ పెట్టి తుడిచిన పూటేనమ్మా" అంది. ఫినాయిల్ మానేసి వట్టి నీళ్లతో తుడవడం మొదలుపెట్టాక వాడు గుమ్మం దాటాడు. మనకి ముక్కు చిట్లించుకునేంత వాసన ఆ పిల్లవాడికి భరించలేని బాధ. కుక్కర్ కూత, చొక్కా మెడ దగ్గరి లేబుల్, ట్యూబులైటు మినుకు, తలకి నూనె రాయడం, గోళ్లు తీయడం, ఇవన్నీ కొందరికి ఒళ్లంతా రేగిపోయే సంగతులు. మరికొందరికి అసలేమీ తెలియదు, మోకాలు చీరుకుపోయినా ఏడవరు. వాళ్లకి గట్టి ఒత్తిడి, ఊపు, గంతులు కావాలి. పక్క గదిలో పాప ఉయ్యాల ఊగుతోంది అన్నానే, అది అందుకు. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎంతసేపు, ఎటువైపు ఊపాలో లెక్క చూసుకుని ఊపుతోంది. అలా ఊగి దిగాక ఆ పాప పది నిమిషాలు కుదురుగా కూర్చుని పూసలు గుచ్చగలదు.

అడగడం తర్వాత నేను నేర్పేది కాదనడం. దీని మీద ఇళ్లలో నాకు చాలా వాదనలు ఎదురవుతాయి. "ఇప్పటికే మొండివాడు, వద్దనడం కూడా మీరే నేర్పుతారా?" అంటారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి వద్దని చెప్పే దారే లేదండీ. ముద్ద వద్దని మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని తిప్పి పెడతారు. కొత్త మనిషి ఒళ్లో కూర్చోనని గింజుకుంటే నవ్వుతూ నొక్కి కూర్చోబెడతారు. అన్ని దారులూ మూసేశాక మిగిలేది కొరకడం, గిచ్చడం, తలని గోడకేసి కొట్టుకోవడం. అప్పుడు దాన్ని "ప్రవర్తన సమస్య" అని ఫైల్లో రాస్తాం. అందుకని చెయ్యి అడ్డం ఊపడమో, తల తిప్పడమో, ఎర్ర కార్డు ఇవ్వడమో, ఏదో ఒకటి నేర్పుతాం. నేర్పినన్నాళ్లూ ఆ వద్దుని మన్నిస్తాం, మన్నించకపోతే అది ఎందుకూ పనికిరాదని వాడికి వెంటనే తెలిసిపోతుంది. అది వచ్చాక కొరకడం తగ్గిన పిల్లలు ఎందరో. ఇంకో కారణం కూడా ఉంది. కాదనడం రాని ఆడపిల్లని, ఆ మాటకొస్తే మగపిల్లవాడినైనా, తాకకూడని చోట ఎవరైనా తాకితే ఆ బిడ్డకి దిక్కేది?

పిల్లల 'వద్దు'ని మన్నించాలన్నది మా వృత్తిలోనూ మొదటి నుంచీ ఉన్న ఆలోచన కాదు. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ అనే సైకాలజిస్టు ఒక ఫలితం ప్రకటించాడు. 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల చొప్పున శిక్షణ ఇస్తే, 9 మంది మామూలు పిల్లలతో సమానంగా బడికి వెళ్లగలిగారని చెప్పాడు. ప్రపంచమంతటా తల్లిదండ్రులకి అది పెద్ద ఆశ కల్పించింది. ఇవాళ ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) పేరుతో జరిగే చాలా పనికి మూలం అక్కడ ఉంది. అయితే ఆ రోజుల శిక్షణలో గట్టిగా కసరడం, తొడ మీద చరచడం కూడా భాగంగా ఉండేవి. చేతులు ఆడించకు, కళ్లలోకి చూడు, కదలకుండా కూర్చో అని గంటల తరబడి రుద్దేవారు. ఆ శిక్షణలు పొంది పెద్దవాళ్లయిన ఆటిజం వ్యక్తులు తర్వాత తాము పడ్డ నరకం గురించి రాశారు, మాట్లాడారు. వాళ్ల మాట మా పనికి మార్గం చూపించింది. ఏబీఏలో ఉన్న మంచిని, అంటే పనిని చిన్న మెట్లుగా విడగొట్టడాన్ని, జరిగింది జరిగినట్టు రాసుకోవడాన్ని, మేం ఇప్పటికీ వాడతాం. బలవంతంగా కళ్లలోకి చూపించడం మా సెంటర్‌లో లేదు. సంతోషం వస్తే చేతులు రెక్కల్లా ఆడించే పిల్లల్ని ఆడించనిస్తాం. అది ఎవరికి చేటు?

ఇప్పుడు వరండాలో కుర్చీల మీద కూర్చున్న తల్లుల గురించి చెప్పాలి. లోపల బిడ్డ ఏడుపు వినిపిస్తే లేచి నిలబడతారు, ఆగితే కూర్చుంటారు. రెండు బస్సులు మారి వచ్చినవాళ్లుంటారు. ఉద్యోగం మానేసినవాళ్లు చాలామంది. ఒకావిడ టిఫిన్ డబ్బా ఇంకొకావిడకి చాపుతూ "మీవాడు పెరుగు తింటున్నాడా ఇప్పుడు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలో ఉన్న ఆప్యాయత వాళ్లకి సొంత బంధువుల దగ్గర దొరకదు. అక్కడ దొరికేది నిలదీత. "వస పోయలేదా?" "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" "ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టావు, ఇలా అయింది."

ఈ నింద పాతది. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల్ని వర్ణిస్తూ ఆటిజం గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఆప్యాయత లేని మనుషులన్న మాట ఆయన రాతల్లోనే దొర్లింది. దాన్ని పట్టుకుని బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పుస్తకమే రాసి, తల్లుల్లో ఆప్యాయత కరువవడం వల్లే ఈ జబ్బు అని ప్రచారం చేశాడు. అప్పటికే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు ఇది మెదడు ఎదుగుదలకి సంబంధించిన సంగతని, పెంపకం లోపం కాదని వాదిస్తూ పుస్తకం తెచ్చాడు. ఆయన కొడుక్కి ఆటిజం ఉంది. కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి వాళ్ల తప్పేమీ లేదని ప్రకటించాడు. టీకాలకీ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని కూడా ఆ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ విషయానికొస్తే, పసిపిల్లలకి గంటలకొద్దీ ఫోన్ ఇస్తే వాళ్లు వినే మాటలు తగ్గుతాయి, అది మానాల్సిందే. కానీ ఆటిజం ఫోన్ వల్ల పుట్టిన సంగతి కాదు. ఫోన్ లేని కాలంలో కానర్ ఆ 11 మందిని చూశాడు. దయచేసి ఆ తల్లులని వదిలేయండి.

వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎప్పటికి మాట్లాడతాడు మేడమ్?" దీనికి తేదీ చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద లేరు. ఆటిజం రక్తపరీక్షలో, స్కానింగులో తేలే విషయం కాదు. పిల్లవాణ్ణి చూసి, ఆడించి, తల్లిని అడిగి తేల్చుకునేది. మందుతో పోయేదీ కాదు. అయినా "ఆరు నెలల్లో గ్యారంటీ" అనే బోర్డులు మన ఊళ్లలో కనిపిస్తున్నాయి. ఒంటె పాలంటారు, పథ్యాలంటారు. కొందరు పొలం అమ్మి మరీ మూలకణాల ఇంజెక్షన్లు చేయించుకొస్తున్నారు. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చేయరాదని జాతీయ వైద్య కమిషన్‌లోని నీతి మండలి 2022లో స్పష్టంగా చెప్పింది. ఆ డబ్బుతో ఆ బిడ్డకి ఎన్నేళ్ల థెరపీ వచ్చేదో లెక్కేస్తే కడుపు తరుక్కుపోతుంది.

థెరపీ మాత్రం చవకా అంటే, కాదు. ఒక పిల్లవాడికి ఒక మనిషి కూర్చోవాలి. అలా ఒక టీచరు రోజుకి చూడగలిగేది కొద్దిమందినే. అందువల్ల తల్లిదండ్రులకి ఫీజు భారం, లోపల పనిచేసే అమ్మాయికి జీతం చాలీచాలనిది, రెండూ నిజమే. ఆ అమ్మాయిల్లో చాలామంది పాతికేళ్ల లోపువాళ్లు. పొద్దున రాగానే గాజులు, జూకాలు తీసి డ్రాయర్‌లో పెడతారు, జుట్టు ముడి వేసుకుంటారు, చున్నీకి పిన్నీసులు పెట్టుకుంటారు. ఎంత చేసినా సాయంత్రానికి ముంజేతుల మీద గోటి గాట్లు ఉంటాయి. రోజంతా నేల మీద కూర్చుని లేవడం వల్ల ఆ వయసులోనే మోకాళ్ల నొప్పులు. కరిచిన పిల్లవాడినే మర్నాడు నవ్వుతూ ఎత్తుకుంటారు. ఏడాది రెండేళ్లు చేసి, పెళ్లయ్యో, ఇంకాస్త జీతం దొరికో వెళ్లిపోతారు. టీచరు మారిందంటే పిల్లవాడు కొత్త మొహానికి అలవాటు పడటానికే నెలలు పోతాయి. ఈ పనిని ఎక్కువగా ప్రైవేటు సెంటర్ల చేతుల్లో వదిలేసినంత కాలం ఇది మారదని నా నమ్మకం. ప్రతి మండలంలో జీతం సరిగ్గా ఇచ్చే ప్రభుత్వ థెరపిస్టు పోస్టులు ఉండాలి.

ఉన్న ఏర్పాట్లనైనా వాడుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వస్తాయి. అక్కడి నుంచి జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని అంచనా వేయడానికి మన దేశంలో వాడే 40 అంశాల స్కేలు తయారైంది అక్కడే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్‌కి అర్హత ఉంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది, అందులో కొంత థెరపీకీ వాడుకోవచ్చు. ప్రైవేటు సెంటర్‌లో చేర్పించేముందు స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గర చేర్పించకండి. తలుపు మూసి, తల్లిని ఎప్పుడూ లోపలికి రానివ్వని చోటా చేర్పించకండి. వారానికి మూడు నాలుగు సెషన్లు మేం చేసేది. మిగతా గంటలన్నీ ఇంట్లోనే గడుస్తాయి, అక్కడ ఎలా చేయాలో తల్లికీ తండ్రికీ నేర్పని థెరపీ సగం థెరపీ. తండ్రులూ, మీరూ రండి. వరండా కుర్చీల్లో మీరు తక్కువగా కనిపిస్తున్నారు.

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి కనిపిస్తే "మగపిల్లలకి ఆలస్యమే, వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకి వచ్చాయి" అని సర్దిచెప్పుకోకండి. చూపించండి. ఏమీ లేదంటే నష్టం లేదు. ఉందంటే చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లం అవుతాం.

ఇక మిగతా శ్రోతలకి ఒక విన్నపం. మీ ఇంట్లో పెళ్లికో, గృహప్రవేశానికో శుభలేఖ ఇవ్వడానికి అలాంటి పిల్లలున్న ఇంటికి వెళ్తారు. ఆ తల్లిదండ్రుల్లో ఒకరు వచ్చి అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోతారు, రెండోవారు బిడ్డతో ఇంట్లో ఉండిపోతారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ బిడ్డ పేరు పెట్టి పిలవండి, "బాబుని కూడా తీసుకురండి" అనండి. బాజాలకీ స్పీకర్లకీ దూరంగా ఒక గది వాళ్ల కోసం ఉంచండి. పంక్తిలో వాడు తినేది పెరుగన్నమే అయితే ముందు అదే వడ్డించమనండి. వాడు చెవులు మూసుకుంటే, చేతులు ఆడిస్తే, తేరిపార చూడకండి. మీ పిల్లలు అడిగితే, ఈ అన్నయ్యకి చప్పుళ్లు ఎక్కువగా వినిపిస్తాయని చెప్పండి, వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మా గదిలో మేం నేర్పిన కార్డుని వాడు మీ చేతిలో పెడితే, అందులో ఏముందో చూసి, అడిగింది ఇవ్వండి.